తువ్వాలు కింద పేక ముక్క

మామయ్య పోయిన ఇంట్లో దినాలు పూర్తయ్యేవరకూ మగపిల్లలకు పెద్దగా పని లేదు. పందిరి కింద చాప వేసుకుని పేక ఆడుకుంటున్నారు. ఎవరూ తప్పు పట్టలేదు. చావు జరిగిన ఇంట్లో పొద్దు పోవడం కష్టం. నేను పక్కన కుర్చీలో కూర్చుని ఉంటే, మామయ్య మనవడు కట్ట తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. "పెద్దమ్మా, ఈ ఆటకి నువ్వు కలుపు. నీ చేతి లక్కు చూద్దాం" అన్నాడు.

కట్టను రెండుగా విరిచాను. రెండు సగాల అంచులూ ఎదురెదురుగా పెట్టి, బొటనవేళ్లతో వంచి వదిలాను. ముక్కలు ఒకదానిలోకి ఒకటి దూరిపోయాయి. ఆడుతున్నవాళ్లు ఆగి నా చేతుల వంక చూశారు.

ఎక్కడ నేర్చుకున్నావని అడిగాడు మనవడు. మీ తాత దగ్గరేనని చెప్పాను. "తాత పేక ముట్టుకునేవోడే కాదు కదా" అన్నాడు వాడు.

నిజమే. వాళ్లకు తెలిసిన తాత ముట్టుకోలేదు. అంతకు ముందు సంగతి తెలిసినవాళ్లలో మిగిలింది నేనొక్కదాన్నే.

అప్పుడు యుద్ధం జరుగుతోంది. నాన్న ఉద్యోగం మీద దూరాన ఉండేవారు. అమ్మా నేనూ అనకాపల్లిలో తాతయ్య ఇంట్లో ఉండేవాళ్లం. తాతయ్యది బెల్లం కొట్టు. ముందు భాగం కొట్టు, వెనక భాగం ఇల్లు. కొత్త బెల్లం వచ్చే రోజుల్లో ఆ ఇంట్లో ఏది ముట్టుకున్నా వేళ్లకు అంటుకునేది. గుమ్మాలు, గొళ్లేలు, నా పలక, చివరికి దేవుడి గంట కూడా. పొద్దున్న లేచేసరికి వాకిట్లో ఎద్దుల మూత్రం వాసన, తడిసిన తాటాకు చాపల వాసన, వాటి మీద కొత్త బెల్లం వాసన. మధ్యాహ్నానికి అమ్మమ్మ ఆవ పెట్టిన పనసపొట్టు కూర వాసన వాటన్నిటినీ దాటుకుని వచ్చేది. కందిరీగలు మాతోపాటే కాపురం ఉండేవి. వాటిని ఎవరూ తోలేవారు కాదు.

మామయ్య అమ్మకు తమ్ముడు. ఇంకా పెళ్లి కాలేదు. హైస్కూలు చదువు మధ్యలో ఆపేసి కొట్లో కూర్చున్నాడు. రైలు స్టేషనులో బెల్లం బుట్టలు ఎక్కించే పని మీద తిరుగుతూ, ఒక గార్డుతో స్నేహం చేశాడు. ఆ గార్డు బదిలీ మీద వెళుతూ రెండు ఇంగ్లీషు పుస్తకాలు ఇచ్చి పోయాడు. రెండూ పేక ముక్కలతో చేసే గారడీ నేర్పేవి. ఒకదానికి అట్ట లేదు. రెండోదానికి అట్ట ఉంది గాని పేరున్న పేజీ లేదు. పేజీకి రెండేసి బొమ్మలు. బొమ్మల్లో మనుషులు లేరు, చేతులు మాత్రమే ఉన్నాయి. తెల్లటి కఫ్ఫులు, నల్లటి కోటు చేతులు, వాటిలోంచి పొడుగాటి వేళ్లు.

మామయ్యకు ఇంగ్లీషు అంతంత మాత్రం. నాకు అసలు రాదు, అప్పుడప్పుడే అక్షరాలు నేర్చుకుంటున్నాను. మధ్యాహ్నం తాతయ్య కునుకు తీసే వేళ ఇద్దరం బెల్లం గోదాములో కూర్చుని ఒక్కో వాక్యం కూడబలుక్కునేవాళ్లం. అర్థం కాని మాట వస్తే మామయ్య బొమ్మ చూసి ఊహించేవాడు. ఊహ తప్పితే ముక్కలు కింద పడేవి. అలా నాకు ఇంగ్లీషులో మొదట వచ్చిన మాటలు అరచేయి, బొటనవేలు, మణికట్టు, దాచు, చూపించు. తర్వాత చాలా పుస్తకాలు చదివాను. అంత శ్రద్ధగా ఏదీ చదవలేదు.

పుస్తకం రాసినవాడు ఎక్కడో చలి దేశం వాడు. ప్రతి గారడీకీ కోటు చెయ్యి కావాలనేవాడు. మామయ్య మొదట కొన్నాళ్లు పంచె మడతలతో సర్దుకున్నాడు. పంచె జారింది. చివరికి బజారులో దర్జీ సాయిబు దగ్గరికి నన్ను వెంటబెట్టుకుని వెళ్లి కోటు కుట్టమన్నాడు. ఎండలు ముదురుతున్నాయి. సాయిబు పెళ్లా అని అడిగాడు. కాదన్నాడు మామయ్య. ఉద్యోగమా అని అడిగాడు. అదీ కాదు. లోపల ఎడమ వైపు పెద్ద జేబు, దాని కింద ఇంకో జేబు, వెనకాల ఒక జేబు కావాలని మామయ్య చెబుతుంటే సాయిబు టేపు మెడలో వేసుకుని విన్నాడు.

"ఇన్ని జేబులేటి బాబూ, అందులో పోస్టాపీసు గాని ఎడతావా?" అన్నాడు.

ఆ కోటు చూసి అమ్మమ్మ, కొడుక్కి మతి పోయిందని తేల్చేసింది. ఒకసారి వేసుకుని గోదాములో గంట నిలబడేసరికి మామయ్య చెమటలో తడిసిపోయాడు. ముక్కలూ తడిసిపోయాయి. కోటు దండెం మీదకు ఎక్కింది. ఆ తర్వాత పుస్తకంలో కోటు అని ఉన్నచోటల్లా తువ్వాలు అని చదువుకున్నాం.

ముక్కలది ఇంకో బాధ. యుద్ధం రోజుల్లో కొత్త కట్ట దొరకడం కష్టం. ఉన్నవాటికి బెల్లం అంటుకుని, రెండేసి ముక్కలు ఒకటిగా వచ్చేవి. జారడానికి పౌడరు రాయమని పుస్తకం చెప్పింది. అమ్మ ముఖానికి రాసుకునే పౌడరు డబ్బా నేను తెచ్చిపెట్టాను. డబ్బా తేలికైపోతుంటే అమ్మ కొన్నాళ్లు పనిమనిషిని, కొన్నాళ్లు ఎలకలని అనుమానించింది. ఆఖరికి నా అరచేతులు వాసన చూసి నా వీపు మీద ఒకటి వేసింది. పౌడరు మానేశాక మామయ్య ఒక సంగతి కనిపెట్టాడు. కావాలనే ఒక ముక్క మూలకు చిటికెడు బెల్లం రాస్తే, పైది తీసినప్పుడు దాని కిందది కూడా అతుక్కుని వస్తుంది. చూసేవాడికి ఒకటే ముక్క. ఇది రెండు పుస్తకాల్లోనూ లేదని తిరగేసి తిరగేసి చూసి మురిసిపోయాడు.

నా చేతులు మామయ్య చేతులకంటే త్వరగా నేర్చుకున్నాయి. ఆడపిల్లలం గచ్చకాయలు ఆడేవాళ్లం కదా. ఒకటి ఎగరేసి, అది దిగేలోగా కిందవి ఏరి, అరచేతిలో చప్పుడు కాకుండా పట్టుకోవడం మాకు అలవాటే. మామయ్యకు అసూయ లేదు. అమ్మమ్మ అద్దం పట్టుకొచ్చి నా ఎదుట పెట్టి, "అదెలా సేసేవే, మళ్లీ సెయ్యి" అని అడిగి నేర్చుకునేవాడు. నన్ను తన భాగస్తురాలని అనేవాడు. ఆ మాట నాకు చాలా పెద్దగా ఉండేది.

పుస్తకం మొదట్లోనే ఒక నియమం ఉంది. రహస్యం ఎవరికీ చెప్పకు. దాని కింద మామయ్య పెన్సిలుతో గీత గీశాడు.

ఇక్కడ బెల్లం బేరం సంగతి చెప్పాలి. ఇప్పటివాళ్లకు తెలియదు.

చుట్టుపక్కల ఊళ్ల రైతులు బళ్ల మీద బెల్లం దిమ్మలు తెచ్చి తాతయ్య కొట్టు ముందు దించేవారు. కొనేవాళ్లు పై ఊళ్ల నుంచి వచ్చేవారు. ధర నోటితో చెప్పేవారు కాదు. తాతయ్య కొనేవాడి చేతి మీద తువ్వాలు కప్పి, దాని కింద తన చెయ్యి పెట్టేవాడు. కొనేవాడు తాతయ్య వేళ్లు పట్టుకుని, కణుపులు నొక్కి తన ధర చెప్పేవాడు. తర్వాత తాతయ్య అదే తువ్వాలు తెచ్చి రైతు చేతి మీద కప్పి, అదే ధర రైతు వేళ్లకు చెప్పేవాడు. ఒప్పుకుంటే రైతు ఆ వేళ్లను గట్టిగా బిగించేవాడు. పక్కన నిలబడ్డవాళ్లకు తువ్వాలు కదలడం తప్ప ఇంకేమీ కనబడదు. కొనేవాడు చెప్పిన ధర, రైతుకు చేరిన ధర ఒకటేనని చెప్పడానికి వేరే సాక్షి ఉండడు. మధ్యనున్న ఆ చేతిని నమ్మాలి. తాతయ్య చేతిని నమ్మారు. ఆ ఇల్లు నడిచింది దానితోనే.

ఆ ఏడు తాతయ్య కుడిచేతి వేళ్లు మొద్దుబారడం మొదలైంది. అన్నం ముద్ద నోటిదాకా వెళ్లేలోగా సగం కంచంలో పడిపోయేది. అమ్మమ్మ చూడనట్టు ఇటు తిరిగి మజ్జిగ పోసేది. ఒకసారి బేరంలో కొనేవాడు నొక్కిన కణుపు తాతయ్యకు తెలియలేదు. తప్పు ధర రైతుకు చేరింది. తాతయ్య అక్కడికక్కడే తప్పు ఒప్పుకుని, మరునాడు రైతులందరినీ పిలిచి, తన భుజం మీది తువ్వాలు తీసి మామయ్య భుజం మీద వేశాడు. ఈ పంట నుంచి బేరాలు వీడివేనని చెప్పాడు. మామయ్య చెయ్యి రైతులకు నచ్చితే కొట్టు ఉంటుంది. నచ్చకపోతే తలుపులు మూసుకోవడమే. ఈ మాట తాతయ్య అనలేదు. అమ్మమ్మ వంటింట్లో అమ్మతో అంటుంటే విన్నాను.

మొదటి వారాలు బాగానే గడిచాయి. కోటపాడు నుంచి ఒక పెద్దాయన వచ్చేవాడు. మిగతా రైతులు ఆయన ముఖం చూసి నడుచుకునేవారు. ఆయన మామయ్య వేళ్లు పట్టుకుని, అచ్చం అయ్య వేళ్లేనని మెచ్చుకున్నాడు. మాడుగుల నుంచి వచ్చే రైతు ఒకాయన ఆకులో చుట్టిన హల్వా నాకు తెచ్చిపెట్టేవాడు. నెయ్యి కారి ఆకు పారదర్శకంగా అయిపోయేది. ఆకును కూడా నాకేదాన్ని.

ఒకరోజు సరుకు తీసుకెళ్లడానికి రైలు పెట్టెలు రాలేదు. యుద్ధం సరుకుకి పోయాయన్నారు. కొనేవాళ్లు స్టేషనుకి పోయి కూర్చున్నారు. రైతులు బేరాలు తెగక, బళ్లు విప్పి, కొట్టు అరుగు మీద ఉసూరుమంటూ చేరారు. వాళ్ల ముఖాలు చూసి మామయ్యకు మనసాగలేదు. జేబులోంచి కట్ట తీశాడు. నా వంక చూసి కనుబొమ్మ ఎగరేశాడు. అంటే నేను మంచినీళ్ల చెంబు పట్టుకుని అందరి మధ్యా తిరగాలి.

కోటపాడు పెద్దాయన చేత ఒక ముక్క తీయించాడు. ఆఠీను రాణి. మామయ్య ఏది తీయించాలనుకున్నాడో అదే ఆయన తీశాడు. దాన్ని ఆయన చేతిలోనే ఉంచి, బోర్లా పట్టుకోమన్నాడు. తర్వాత భుజం మీది తువ్వాలు తీసి ఆ చేతి మీద కప్పి, దాని కింద తన చెయ్యి పెట్టి, ముక్క ఉందో లేదో చూసినట్టు తడిమి తీసేశాడు. తువ్వాలు తొలగించి ముక్క చూసుకుంటే అది కళావరు రెండు. రాణి ఏదని పెద్దాయన వెతుక్కుంటుంటే, మామయ్య ఆయన తలపాగా విప్పి చూసుకోమన్నాడు. రాణి అందులో ఉంది.

అరుగంతా ఒకటే నవ్వులు. సబ్బవరం రైతు ఒకాయన పెద్దాయనను పట్టుకుని, "బావా, ముసలితనంలో రాణిని నెత్తినెట్టుకున్నావు, ఇంటికాడున్న మా అప్పకి సెప్పమంటావేటి?" అని ఏడిపించాడు. పెద్దాయన కూడా నవ్వాడు. అరచెయ్యి ఇటూ అటూ తిప్పి చూసుకున్నాడు. మామయ్య ముఖం వెలిగిపోతోంది. తాతయ్య లోపల గుమ్మం దగ్గర నిలబడి చూశాడు.

రెండు రోజులకి పెట్టెలు వచ్చాయి. బేరాలు మొదలయ్యాయి. మామయ్య కొనేవాడి ధర వేళ్ల మీద తీసుకుని, పెద్దాయన దగ్గరికి వచ్చి, తువ్వాలు పరిచి చెయ్యి చాచాడు. పెద్దాయన తన చెయ్యి తీయలేదు. ఒళ్లోనే ఉంచుకున్నాడు.

"సిన్న సావుకారూ, నీ సెయ్యి శానా మంచి సెయ్యి. అందుకే నా సెయ్యి అందులో ఎట్టడానికి బయమేత్తంది" అన్నాడు.

"అది ఆట కదా మావా" అన్నాడు మామయ్య.

"ఆటేనయ్యా. కాదన్నానా? నాను గట్టిగా పట్టుకున్న ముక్క నా సేతిలోనే మారిపోనాది. నా సేతిలోది మారితేనే నాకు తెలీనేదు. ఆయన సేతిలో ధర నా సేతికొచ్చీసరికి మారిందో మారనేదో నాకేటి తెలుత్తాది?"

ఆయన గొంతులో కోపం లేదు. అదే మామయ్యను ఎక్కువ కుంగదీసింది. నూకాలమ్మ మీద ఒట్టు వేస్తానన్నాడు. పక్కనున్న రైతు నేల చూపులు చూస్తూ, "ఒట్టేసేదీ ఆ సేత్తోనే గదా బాబూ" అన్నాడు.

ఆ రోజు బళ్లు ఒకటొకటిగా పక్క కొట్లకు మళ్లాయి. తర్వాతి వారం కొన్ని బళ్లు మా ముందు ఆగనే లేదు. ఎద్దులు అలవాటు కొద్దీ మా గుమ్మం వైపు తిరిగితే, రైతులు పగ్గం లాగి ముందుకు తోలుకుపోయారు. వాకిట్లో కందిరీగలు తగ్గిపోయాయి. అమ్మమ్మ పుస్తకాలు రెండూ పట్టుకుని పొయ్యి దగ్గరికి వెళితే తాతయ్య ఆపాడు. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఒక్క మాట మాత్రం అన్నాడు.

"పుత్తకం ఏం సేసిందే? ఆడు ఆటకి ఆ తువ్వాలు తియ్యకుండా ఉండవల్సింది."

మామయ్య కంచం ముందు నుంచి లేచిపోయాడు. నేను వెతుక్కుంటూ వెళితే గోదాములో ఉన్నాడు. సగం ఖాళీ అయిన గోదాములో మాట్లాడితే గొంతు మారుమోగుతోంది. పుస్తకం మొదటి పేజీ తెరిచి ఉంది.

"సెప్పేద్దామే" అన్నాడు.

నాకు వెంటనే అర్థమైంది. వద్దన్నాను. మనిద్దరం తప్ప ఎవరికీ తెలియకూడదని అతనే కదా చెప్పాడు. ఏడుపు వచ్చింది. ఒక్కసారి చెబితే ఇంక ఏ ముక్కకీ ఎవరూ ఆశ్చర్యపోరు. అదంతా నాకంటే అతనికే బాగా తెలుసు.

"నాయన సెయ్యి పోనాది. నా సెయ్యీ పోతే ఈ ఇంటికి ఇంకేటి మిగుల్తాదే?" అన్నాడు. తర్వాత నా ముఖం తుడిచి, "నువ్వు భాగస్తురాలివి. నువ్వు ఒప్పుకోకపోతే సెప్పను" అన్నాడు. తెరిచి ఉన్న పుస్తకం మూసేశాను. తర్వాత తల ఊపాను.

సంత రోజున మామయ్య కొట్టు ముందు వీధిలోనే చాప వేసుకుని కూర్చున్నాడు. కట్ట, తువ్వాలు ముందు పెట్టుకున్నాడు. పక్క కొట్లకు వచ్చిన రైతులను కూడా పిలిచాడు. పక్క కొట్ల సావుకార్లు వాళ్ల అరుగుల మీద నుంచి నవ్వుకుంటూ చూశారు. కోటపాడు పెద్దాయన చివరికి వచ్చి, నిలబడే చూశాడు.

మామయ్య మొదట అదే గారడీ మామూలుగా చేశాడు. తర్వాత మెల్లగా చేశాడు. ముక్క అరచేతి వెనక ఎలా దాగుతుందో చెయ్యి తిప్పి చూపించాడు. తనకు కావలసిన ముక్కే ఎదుటివాడు తీసేలా కట్టను ఎలా విప్పాలో చూపించాడు. బెల్లం రాసిన మూల చూపించాడు. తువ్వాలు లేకుండా, అందరి కళ్ల ముందూ, ఒక చేతిలోని ముక్కను ఇంకో చేతిలోకి మార్చాడు. కట్టలో ఆఠీను రాణులు రెండున్నాయని చెప్పి రెండూ పక్కపక్కన పెట్టాడు. రెండోదాన్ని తలపాగాలో పెట్టిందెవరని పెద్దాయన అడిగితే, మామయ్య నా వైపు చూపించాడు.

"నువ్వేటే?" అన్నాడు పెద్దాయన నన్ను చూసి. "నీళ్లిచ్చేవని సల్లగుండమని దీవించేను గదే."

జనం ఘొల్లున నవ్వారు. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్న అమ్మమ్మ చీర వెనక్కి పోయాను.

అయితే ఆ నవ్వు మొదటి రోజు నవ్వులాంటిది కాదు. ఒకరిద్దరు, ఇంతేనా అని పెదవి విరిచారు. మాడుగుల రైతు తనకు తెలియకుండా ఉంటేనే బాగుండేదని గొణిగాడు. ఒక్కొక్క గారడీ విప్పుతున్నకొద్దీ మామయ్య గొంతు బొంగురు పోయింది. ఆపలేదు. పుస్తకంలో మేం నేర్చుకున్నవన్నీ అయ్యేదాకా చెప్పాడు.

అప్పుడు పెద్దాయన చాప మీద కూర్చున్నాడు. ముక్క తనకు ఇమ్మన్నాడు. అరచేతి వెనక దాచబోయాడు. చెరకు నరికి, పాకం కలియబెట్టి కాయలు కాచిన వేళ్లు వంగలేదు. ముక్క కింద పడింది. మళ్లీ తీశాడు. మళ్లీ పడింది. మామయ్య ఆయన వేళ్లు పట్టుకుని ఒక్కొక్కటీ ఎక్కడ పెట్టాలో చూపించాడు. అలా కొంతసేపు ఆ ముసలి చెయ్యి మామయ్య చేతిలోనే ఉంది. ఇద్దరూ దాన్ని పట్టించుకోలేదు. పెద్దాయన ముక్క పక్కన పెట్టేసి, అరుగు మీద కూర్చున్న తాతయ్య వైపు ఒకసారి చూశాడు.

"ఇంత కట్టపడి నేర్సుకున్నదంతా మాకు ఇప్పి సెప్పేసేవు. ఇంక నీ దగ్గరేటుంది దాసడానికి? తే, తువ్వాలు" అన్నాడు.

ఆ సాయంత్రానికి బళ్లు తిరిగి మా గుమ్మం ముందుకు వచ్చాయి. అన్నీ కాదు. మిగతావి పంట అయ్యేలోగా వచ్చాయి. కట్టను మామయ్య అటక మీద పడేశాడు. పుస్తకాలు నాకిచ్చాడు. రహస్యాలు తెలిసిపోయాక కూడా చేసి చూపించమని రైతులు అప్పుడప్పుడు అడిగేవారు. మామయ్య నవ్వి ఊరుకునేవాడు. ఆ చేతులకు ఇంక వేరే పని ఉంది.

ఆ కొట్టు ఇప్పుడు లేదు. ఆ బేరాలూ పోయాయి. ధర పదిమందీ వినేలా అరిచి చెబుతారు. అది మంచిదే. ఆ రోజుల్లో మోసపోయిన రైతులు ఎందరో ఉండి ఉంటారు, అన్ని కొట్లూ మా కొట్టు కావు. అయినా ఆ సంత రోజు చివరి ఘడియ నాకు బాగా గుర్తుంది. కొనేవాడి దగ్గర ధర తీసుకుని మామయ్య పెద్దాయన ఎదుట కూర్చున్నాడు. రెండు చేతుల మీదా తువ్వాలు పడింది. బట్ట కొంచెం కదిలింది, ఆగింది, మళ్లీ కదిలింది. అంతకు ముందు మామయ్య చేతులు ఏం చేస్తున్నా, చూడకుండా కూడా నేను చెప్పగలిగేదాన్ని. ఆ పూట చెప్పలేకపోయాను. ఒక్కసారి పెద్దాయన భుజం బిగిసింది, ఒప్పుకున్నాడని మాత్రం తెలిసింది. వాళ్ల వేళ్లు అప్పుడు ఏం చెప్పుకున్నాయో మామయ్యను ఎన్నడూ అడగలేదు. తన గారడీలన్నీ వీధిలో కూర్చుని విప్పి చెప్పిన మనిషే. అడిగినా అది మాత్రం చెప్పేవాడు కాదు.